విస్కీ సీసా గెలిచిన నియాన్ గీత

సెప్టెంబరులో రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది ప్రాంతంలో హైదరాబాదులో ఏ మేడ మీదైనా ఉత్తరం వైపు తిరిగి తల బాగా పైకెత్తితే హంస రాశి కనబడుతుంది. వానమబ్బూ వీధిలైట్లూ దయతలిస్తేనే అనుకోండి. హంస రొమ్ము దగ్గర ఓ మోస్తరు వెలుగున్న నక్షత్రం ఉంటుంది. దానికి కొంచెం పడమరగా చూస్తే ఏమీ కనబడదు. మనం మాట్లాడుకోబోయేది ఆ ఏమీ కనబడని చోటు గురించే. అక్కడికి పెద్ద టెలిస్కోపు తిప్పినా దొరికేది ఒక మసక మచ్చ, అంతే. అదే చోటును రేడియో తరంగాల్లో చూస్తే సంగతి వేరు. సూర్యుణ్ణి పక్కన పెడితే, ఆకాశం మొత్తంలో దానికి పోటీ వచ్చేది క్యాసియోపియా-ఏ ఒక్కటే. అది మన పాలపుంతలోనే పేలిపోయిన ఒక నక్షత్రం తాలూకు శిథిలం, అంటే ఊళ్ళో మనిషి. ఇది మాత్రం సుమారు 75 కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉన్న గెలాక్సీ. పేరు సిగ్నస్-ఏ.

నక్షత్రాలన్నీ కలిసి ఇచ్చే వెలుగుతో లెక్క తేలని గెలాక్సీలను చురుకైన గెలాక్సీలు అంటారు. నడిబొడ్డున ఒక భారీ కృష్ణబిలం, దానిలోకి జారుతున్న గ్యాస్, ఆ జారుడులో పుట్టే శక్తి: స్థూలంగా కథ ఇదీ. కృష్ణబిలం కనబడదు కాబట్టి దాని సంగతి తెలుసుకోవడానికి దారులు రెండు. ఒకటి, అది బయటికి చిమ్మిన ధారలు రేడియోలో వెలగడం. రెండు, దాని చుట్టూ ఉన్న గ్యాస్ తన వర్ణపటంలో గీసే గీతలు. రేడియో శక్తి ఎక్కడికి పోయిందో చెబుతుంది. గ్యాస్ ఎంత వేగంతో కదులుతోందో, ఎంత దూరాన ఉందో, దేని వల్ల వేడెక్కిందో చెబుతుంది. సిగ్నస్-ఏ చరిత్ర చదివితే ఒక చిత్రం కనబడుతుంది. ఈ రెంటిలో దేన్ని కొలిచినవాళ్ళూ కొలతలో పెద్దగా తప్పు చేయలేదు. ఒక్కదాన్నే పట్టుకుని కథ అల్లినప్పుడల్లా మాత్రం కథ కూలింది.

మొదటి కథ 1946 నాటిది. యుద్ధంలో రాడార్ల మీద పనిచేసిన జె. ఎస్. హే, తన జట్టుతో కలిసి ఇంగ్లండులో ఆకాశపు రేడియో సందడిని కొలుస్తున్నాడు. హంస రాశి వైపు నుంచి వచ్చే సంకేతం క్షణక్షణానికీ పెరుగుతూ తగ్గుతూ ఉంది. అంత త్వరగా మారుతోందంటే అది విశాలమైన మేఘం కాదు, నక్షత్రంలాంటి చిన్న వస్తువై ఉండాలని వాళ్ళు అనుకున్నారు. నాలుగేళ్ళకు జోడ్రెల్ బ్యాంకులోనూ కేంబ్రిడ్జిలోనూ ఒకేసారి చూస్తే ఇక్కడి హెచ్చుతగ్గులకూ అక్కడి హెచ్చుతగ్గులకూ పొంతనే లేదు. మారుతున్నది మూలం కాదు, మన నెత్తి మీది అయనోస్ఫియర్. నక్షత్రం మిణుకుమనడానికి గాలి ఎలా కారణమో ఇదీ అలాగే. కారణం పూర్తిగా తప్పినా వస్తువు చిన్నదన్న మాట మాత్రం నిలిచింది. ఎందుకంటే విశాలమైనదేదీ అలా మిణుకుమనదు. శాస్త్రంలో ఇలాంటి అదృష్టం అప్పుడప్పుడూ పడుతుంది. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కేటప్పుడు దానికి దూరదృష్టి అని పేరు మారుతుంది.

చిన్నది సరే, ఎంత చిన్నది? ఇక్కడ రేడియో ఖగోళశాస్త్రపు పాత తలనొప్పి ఒకటి చెప్పాలి. ఏ టెలిస్కోపైనా ఎంత సూక్ష్మంగా చూడగలదన్నది దాని వెడల్పునూ తరంగం పొడవునూ బట్టి ఉంటుంది. కంటికి కనబడే వెలుగు తరంగం మిల్లీమీటరులో రెండువేలవ వంతు. రేడియో తరంగాలు సెంటీమీటర్ల నుంచి మీటర్ల దాకా ఉంటాయి. 21 సెంటీమీటర్ల తరంగంతో 45 మీటర్ల వెడల్పున్న పళ్ళెం పెట్టి చూసినా, చంద్రబింబంలో సగానికంటే చిన్న వివరం తెలియదు. మరో దారి ఉంది. రెండు యాంటెన్నాలను దూరదూరంగా పెట్టి, రెంటికీ అందిన తరంగాలను కలిపితే, వాటి మధ్య దూరమంత వెడల్పున్న టెలిస్కోపు చూపు వస్తుంది. సిడ్నీలో జాన్ బోల్టన్, గోర్డన్ స్టాన్లీ 1948లో దీన్నే ఒక్క యాంటెన్నాతో సాధించారు. సముద్రం ఒడ్డు కొండ అంచున యాంటెన్నా పెట్టి, నేరుగా వచ్చిన తరంగాన్నీ నీటి మీద పడి పైకి లేచిన తరంగాన్నీ కలిపారు. రెండో యాంటెన్నా ఖర్చు పసిఫిక్ మహాసముద్రం భరించింది. వస్తువు 8 ఆర్క్ నిమిషాల కంటే చిన్నదని తేలింది.

1951లో కేంబ్రిడ్జిలో గ్రాహం స్మిత్ దాని చోటును ఒక ఆర్క్ నిమిషం దాకా బిగించి, ఆ అంకెలు కాలిఫోర్నియాకు పంపాడు. అక్కడ పాలోమార్ కొండ మీద 200 అంగుళాల టెలిస్కోపు దగ్గర వాల్టర్ బాడే ఉన్నాడు. ఫొటో తీసి చూస్తే గెలాక్సీల గుంపు, వాటి నడుమ ఒక వింత గెలాక్సీ. దానికి రెండు నడిబొడ్డులున్నట్టు కనబడింది. రెండు గెలాక్సీలు ఢీకొంటున్నాయని బాడే తేల్చేశాడు. సరిగ్గా అదే ఏడాది అతను లైమన్ స్పిట్జర్‌తో కలిసి, గెలాక్సీలు ఢీకొంటే వాటిలోని గ్యాస్ ఏమవుతుందో వ్యాసం రాసి ఉన్నాడు. చేతిలో సిద్ధాంతం సిద్ధంగా ఉన్నవాడికి ఫొటోలు ఎప్పుడూ అనుకూలంగానే పడతాయి.

సహోద్యోగి రుడోల్ఫ్ మింకోవ్‌స్కీ నమ్మలేదు. తర్వాత బాడే చెప్పుకున్న ప్రకారం వెయ్యి డాలర్ల పందేనికి బాడే సిద్ధపడ్డాడు. ఈమధ్యే ఇల్లు కొన్నాను, అంత పందెం నావల్ల కాదన్నాడు మింకోవ్‌స్కీ. చివరికి ఒక విస్కీ సీసా దగ్గర బేరం కుదిరింది. నిజంగా ఢీకొంటుంటే గ్యాస్ మామూలు నక్షత్రాల వేడితో కుదరనంతగా ఉద్రేకపడాలి, వర్ణపటంలో ఆ గుర్తులు కనబడాలి. తీర్పు చెప్పేది వర్ణపటమే కనుక, అది తీసే పని మింకోవ్‌స్కీ మీదే పడింది. తీశాడు. నాలుగు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న నియాన్ తాలూకు గీత నిక్షేపంలా ఉంది. నియాన్‌ను అంతగా ఒలవాలంటే మామూలు నక్షత్రాల వెలుగు చాలదు. మింకోవ్‌స్కీ సీసా తెచ్చి ఇచ్చాడు. తర్వాత బాడే గదికి వచ్చి దాన్ని తనే తాగాడని బాడే ఫిర్యాదు.

వర్ణపటం మరో సంగతి కూడా చెప్పింది. గీతలన్నీ ఎరుపు వైపు జరిగి ఉన్నాయి, సెకనుకు 16,830 కిలోమీటర్ల లెక్కన. ఆనాటి హబుల్ సూత్రంతో దూరం కట్టి 1954లో అచ్చువేసినప్పుడు సుమారు 10 కోట్ల కాంతి సంవత్సరాలు వచ్చింది. ఈనాడు అదే వేగానికి 75 కోట్లు చెబుతున్నాం. వేగం అంకె మారలేదు, విశ్వం ఎంత జోరుగా విస్తరిస్తోందన్న అంకె మారింది. దూరం ఏడు రెట్లు పెరిగిందంటే వస్తువు అసలు ప్రకాశం యాభై రెట్లు పెరిగినట్టు. అంటే, అప్పట్లోనే నమ్మశక్యం కాకుండా ఉన్న శక్తి లెక్కను వాళ్ళు యాభై రెట్లు తక్కువగా చూసుకుని విస్తుపోయారు.

బాడే కథకు ఎదురు సాక్ష్యం అప్పటికే అచ్చయి ఉంది. జోడ్రెల్ బ్యాంకులో రోజర్ జెన్నిసన్, కలకత్తా నుంచి వెళ్ళిన మృణాల్ కుమార్ దాస్ గుప్తా కలిసి 1953లో నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం వేశారు. యాంటెన్నాల మధ్య దూరం కిలోమీటర్లకు పెంచుకుంటూ పోయి కొలిస్తే, సిగ్నస్-ఏ ఒకటి కాదు రెండు. గెలాక్సీకి చెరోవైపున, దానికి బాగా ఎడంగా, రెండు రేడియో బుడగలు. ఫొటోలో గెలాక్సీ కనబడే చోట రేడియోలో దాదాపు ఏమీ లేదు. రెండు గెలాక్సీలు ఢీకొన్న చోట గ్యాస్ వెలగాలి గానీ, వెలుగు చెరో రెండు లక్షల కాంతి సంవత్సరాల అవతలికి ఎలా పోయింది? పందెం పట్టిన ఇద్దరికీ ఈ ప్రశ్న ఎదురైంది. అయినా కథ మరో పదేళ్ళు దర్జాగా బతికింది. నియాన్ గీత అంత అందమైన సాక్ష్యం మరి. దాస్ గుప్తా తర్వాత కలకత్తా విశ్వవిద్యాలయానికి వచ్చి రేడియో భౌతికశాస్త్రం బోధించారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు చూసిన గుర్తు నాకైతే లేదు.

ఇంతకీ ఆ బుడగలు ఎందుకు వెలుగుతున్నాయి? దాదాపు కాంతివేగంతో పోయే ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుంటే మెలికలు తిరుగుతాయి. మెలిక తిరిగే ప్రతి ఎలక్ట్రానూ కొంత శక్తిని తరంగాలుగా వదులుతుంది. దీన్ని సింక్రోట్రాన్ కాంతి అంటారు. దీనికి గుర్తులు రెండు. వర్ణపటంలో గీతలుండవు, తక్కువ పౌనఃపున్యంలో ఎక్కువగా, ఎక్కువ పౌనఃపున్యంలో తక్కువగా నున్నగా జారిపోతుంది. రెండోది, తరంగాలు ఒకే దిశలో ఊగుతాయి, అంటే ధ్రువణం చెందుతాయి. ఇందులో గ్యాస్ ఊసే లేదు, పరమాణువుల ఊసూ లేదు. గీతలు లేని కాంతి నుంచి దూరం తెలియదు, వేగం తెలియదు. సిగ్నస్-ఏ రేడియో సంకేతం ఎంత బలంగా ఉన్నా, అది ఎక్కడిదో చెప్పడానికి మసక గెలాక్సీలోని గ్యాస్ గీతలే దిక్కయ్యాయి.

వేగంగా శక్తి వదిలే ఎలక్ట్రాన్ వేగంగానే డీలా పడుతుంది. ఎక్కువ పౌనఃపున్యంలో వెలిగేవి ముందు ఆరిపోతాయి, తక్కువ పౌనఃపున్యంవి చాలాకాలం మిగులుతాయి. కాబట్టి బుడగలో ఒక చోట ఎక్కువ పౌనఃపున్యం ఎంత తగ్గిందో చూస్తే ఆ ఎలక్ట్రాన్లు అక్కడికి వచ్చి ఎన్నాళ్ళయిందో లెక్క కట్టొచ్చు. సిగ్నస్-ఏ బుడగలకు అలా వచ్చిన వయసు సుమారు 60 లక్షల ఏళ్ళు. అయస్కాంత క్షేత్రం బలం మీద కొంత ఊహ కలిపిన లెక్క ఇది, పంచాంగం కాదు. మరీ ముసలి బుడగలను పట్టాలంటే తక్కువ పౌనఃపున్యాల్లో వెతకాలి. పుణెకు ఉత్తరాన నారాయణ్‌గావ్ దగ్గర గోవింద్ స్వరూప్ కట్టించిన జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు బలం అక్కడే.

శక్తి లెక్కకు వద్దాం. 1950ల చివర్లో జెఫ్రీ బర్బిడ్జ్ ఇలాంటి బుడగల్లో కనీసం ఎంత శక్తి ఉండాలో లెక్కేశాడు. ఎలక్ట్రాన్ల వాటా, అయస్కాంత క్షేత్రం వాటా రెండూ కలిపి అత్యంత పొదుపుగా చూసినా వచ్చిన అంకె, సుమారు 5 లక్షల సూర్యుళ్ళ ద్రవ్యరాశిని ఆనవాలు లేకుండా శక్తిగా మారిస్తే వచ్చేంత. నక్షత్రాల్లో లాగా హైడ్రోజన్‌ను మండించి సంపాదించాలంటే 7, 8 కోట్ల సూర్యుళ్ళను బూడిద చేయాలి. గెలాక్సీలు గుద్దుకుంటే రాదు. నక్షత్రాలు పేలితే రాదు. మిగిలింది గురుత్వాకర్షణ. గ్యాస్ ఒక భారీ కృష్ణబిలంలోకి జారేటప్పుడు, దాని ద్రవ్యరాశిలో పదో వంతు దాకా శక్తిగా బయటపడగలదు. 1970ల మొదట్లో మార్టిన్ రీస్, రోజర్ బ్లాండ్‌ఫర్డ్, పీటర్ ష్యూయర్ ఈ బుడగలు ఒక్కసారి పేలి ఏర్పడ్డవి కావని, నడిబొడ్డు నుంచి సన్నని ధారలు వాటికి నిరంతరం శక్తి మోస్తున్నాయని వాదించారు. అమెరికాలో న్యూ మెక్సికో ఎడారిలో కట్టిన 27 యాంటెన్నాల వీఎల్‌ఏ 1980ల మొదట్లో సిగ్నస్-ఏ వైపు తిరిగింది. నడిబొడ్డు నుంచి బుడగ దాకా సాగిన దారంలాంటి ధార చిత్రంలో పడింది. సిద్ధాంతం ముందు, ఫొటో తర్వాత. బాడే విషయంలోనూ వరస ఇదే, కానీ ఈసారి సిద్ధాంతం ఫొటోకు అనుకూలంగా పడింది.

మరి నియాన్ గీత? అది అబద్ధం చెప్పలేదు. నియాన్ నిజంగానే అంతగా ఒలిచి ఉంది. ఒలిచింది గుద్దుడు కాదు, కృష్ణబిలం చుట్టూ గ్యాస్ వేడెక్కి చిమ్మే అతినీలలోహిత, ఎక్స్ కిరణాలు. రెండు నడిబొడ్డులుగా కనబడింది కూడా ఒకే గెలాక్సీ; మధ్యలో అడ్డంగా దుమ్ము పట్టీ ఉంది.

ఇక్కడే ఒక చిక్కు. సిగ్నస్-ఏ నడుమ అంత భీకరమైన వెలుగు ఉంటే మనకు నేరుగా ఎందుకు కనబడదు? కృష్ణబిలానికి మరీ దగ్గరగా తిరిగే గ్యాస్ సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో పోతుంది. డాప్లర్ ప్రభావం వల్ల దాని గీతలు వెడల్పుగా సాగిపోవాలి. నడిబొడ్డు వెలుగు నేరుగా కనబడే చురుకైన గెలాక్సీల్లో, అంటే క్వాసార్లలో, అలాగే ఉంటాయి. సిగ్నస్-ఏలో మాత్రం సన్నని గీతలే. ఈ చిక్కు విప్పే దారి 1985లో వేరే గెలాక్సీలో దొరికింది. రాబర్ట్ ఆంటొనూచీ, జోసెఫ్ మిల్లర్ ఎన్‌జీసీ 1068 నుంచి వచ్చే వెలుగులో ధ్రువణం చెందిన వాటాను మాత్రమే విడదీసి చూశారు. మామూలు వెలుగులో లేని వెడల్పు గీతలు అందులో ఉన్నాయి. అంటే నడిబొడ్డు ముందు దట్టమైన దుమ్ము, గ్యాస్ గోడ అడ్డంగా ఉంది. కానీ గోడ మీదుగా పైకి పోయిన వెలుగు అక్కడి గ్యాస్ మీద పడి మన వైపు చెదిరింది, చెదిరినప్పుడు ధ్రువణం చెందింది. దొంగచాటుగా వచ్చిన ఆ కాస్త వెలుగులో లోపలి వేగాల చిట్టా మొత్తం ఉంది. 1990ల్లో సిగ్నస్-ఏ మీద కెక్ టెలిస్కోపుతో ఇదే పని చేస్తే హైడ్రోజన్ గీత సెకనుకు 20 వేల కిలోమీటర్లకు పైగా సాగి ఉంది. అంటే అక్కడున్నది గోడ చాటు క్వాసార్. 2019లో క్రిస్ కారిల్లీ బృందం వీఎల్‌ఏతో ఆ గోడనే రేడియోలో చిత్రించింది. నడిబొడ్డు చుట్టూ వడలాంటి వలయం, వ్యాసార్థం సుమారు 900 కాంతి సంవత్సరాలు. గ్యాస్ గీతలు ఊహించిన దాన్ని రేడియో చూపించింది. ఈ రెండు దారులూ ఒకే చోటికి వచ్చి కలిసిన సందర్భం, నాకు తెలిసి, ఈ కథలో అన్నిటికంటే ముచ్చటైనది.

కృష్ణబిలం బరువు కూడా గ్యాసే చెప్పింది. 2003లో క్లైవ్ టాడ్‌హంటర్ బృందం హబుల్, కెక్ టెలిస్కోపులతో నడిబొడ్డు చుట్టూ గ్యాస్ ఒక పక్క మన వైపు, మరో పక్క మనకు దూరంగా పోతున్న తీరు కొలిచి లెక్కేస్తే 250 కోట్ల సూర్యుళ్ళు తేలాయి.

ఇప్పటిదాకా చెప్పిన గ్యాస్ అంతా అయాన్లుగా విడిపోయి సొంతంగా వెలిగేది. గెలాక్సీల్లో చల్లని గ్యాస్ కూడా ఉంటుంది, అది ఎక్కువ భాగం మామూలు హైడ్రోజన్ పరమాణువులు. హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రాన్, ప్రోటాన్ ఒక వైపు తిరిగే స్థితి నుంచి ఎదురెదురుగా తిరిగే స్థితికి మారితే 21 సెంటీమీటర్ల తరంగం ఒకటి వెలువడుతుంది. ఒక పరమాణువు దానంతట అది ఈ పని చేయడానికి సగటున కోటి ఏళ్ళు పడుతుంది. ఇలా వెలువడుతుందని 1944లో హాలెండులో వాన్ డి హల్స్ట్ చెబితే, 1951లో హార్వర్డులో ఈవెన్, పర్సెల్ పట్టుకున్నారు. మన పాలపుంతలో ఇది పుష్కలంగా దొరుకుతుంది గానీ కోట్ల కాంతి సంవత్సరాల దూరాన మరీ బలహీనం. చురుకైన గెలాక్సీల విషయంలో మాత్రం ఒక సౌకర్యం ఉంది. వెనక రేడియో దీపం సిద్ధంగా వెలుగుతోంది. మంచు పట్టిన తెల్లవారుజామున ఎదురుగా బస్సు హెడ్‌లైట్లు వేసుకుని వస్తుంటేనే కదా, గాల్లో ఎంత మంచు ఉందో తెలిసేది. దీపం ఎంత దూరాన ఉన్నా మంచు మింగే వాటా మారదు, కావలసింది దీపం బలం. హైడ్రోజన్ కూడా వెనకనున్న రేడియో కాంతిలో సరిగ్గా తన తరంగం దగ్గర కొంత మింగేస్తుంది. సాపుగా పోయే గీతలో ఒక గుంట పడుతుంది.

సిగ్నస్-ఏలో ఆ గుంట 21 సెంటీమీటర్లకు సరిపోయే 1420 మెగాహెర్ట్జ్ దగ్గర కాక, విశ్వవిస్తరణ వల్ల 1345 మెగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది. 1995లో జాన్ కాన్వే, ఫిలిప్ బ్లాంకో దాన్ని పట్టారు. పట్టడం ఎంత కష్టమో చెప్పాలంటే, ఆ పౌనఃపున్యంలో సిగ్నస్-ఏ మొత్తం బలం సుమారు 1,500 జాన్‌స్కీలు, నడిబొడ్డు వాటా అందులో దాదాపు వెయ్యో వంతు. జాన్‌స్కీ పెద్ద కొలతేమీ కాదు. ఒక్కో చదరపు మీటరుకు, ఒక్కో హెర్ట్జ్‌కు, వాట్లలో రాయాలంటే దశాంశ బిందువు తర్వాత 25 సున్నాలు పెట్టి ఒకటి వేయాలి. తర్వాత ఖండాల మధ్య యాంటెన్నాలు కలిపి మరింత దగ్గరగా చూస్తే, మన వైపు వస్తున్న ధార మీద ఈ నీడ లేదు. నడిబొడ్డు మీదా, మనకు దూరంగా పోతున్న ధార మీదా ఉంది. నడిబొడ్డు చుట్టూ ఉన్న గ్యాస్ వలయం వెనక ధారకే అడ్డం వస్తోందన్నమాట.

ఈ గుంటల్లో అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది 3సీ 293 అనే గెలాక్సీ. 2003లో రాఫెల్లా మోర్గాంటీ బృందం వెస్టర్‌బోర్క్ టెలిస్కోపుతో చూసింది. ఉండాల్సిన లోతైన సన్న గుంట ఉంది. దాని పక్కన, మన వైపు కదిలే గ్యాస్ ఉండాల్సిన చోట, మరీ పలుచని, మరీ వెడల్పైన పళ్ళెంలాంటి గుంట కనబడింది. లోతు వెయ్యిలో ఒకటి రెండు వంతులు. వెడల్పు మాత్రం సెకనుకు వెయ్యి కిలోమీటర్లు దాటి పోయింది. చల్లని పరమాణు హైడ్రోజన్ అంత వేగంతో బయటికి తోసుకుపోతోంది. ధార అంత గట్టిగా తగిలితే గ్యాస్ వేడెక్కి పరమాణువులు చితికిపోవాలి కదా? చితికిన గ్యాస్ కూడా త్వరగా చల్లబడి మళ్ళీ పరమాణువులుగా కూడుకుంటుందని ఇప్పుడు అనుకుంటున్నారు. 2013లో 4సీ 12.50 అనే మరో గెలాక్సీలో ఖండాంతర యాంటెన్నాలతో చూస్తే, వేగంగా పోయే హైడ్రోజన్ సరిగ్గా ధార కొస తగులుతున్న చోటే కనబడింది. అనుమానాలు చాలావరకు తీరాయి.

ఇన్నేళ్ళూ దీన్ని ఎవరూ ఎందుకు చూడలేదంటే, వెయ్యి కిలోమీటర్ల వేగం అంటే ఆ తరంగంలో 5 మెగాహెర్ట్జ్ వెడల్పు. పాత రిసీవర్ల పట్టీయే అంతుండేది. గుంట పట్టీ మొత్తం పరచుకుంటే, గుంట లేదు, పరికరమే కొంచెం వంగింది అనుకుని సరిదిద్దేసేవారు. ఎంతమంది ఇలా ఆవిష్కరణలను శ్రద్ధగా చెరిపేశారో ఎవరికి తెలుసు. ధార గ్యాస్‌ను తోసేస్తే కొత్త నక్షత్రాలు పుట్టడానికి సరుకు ఉండదని, పెద్ద గెలాక్సీలు పెరగడం మానేయడానికి కారణం ఇదేనని ఈ గుంటల మీద ఇప్పుడు చాలా పెద్ద మాటలు కడుతున్నారు. కావచ్చు. తోసిన గ్యాస్‌లో ఎంత గెలాక్సీని వదిలిపోతుంది, ఎంత వెనక్కి పడుతుంది అన్న లెక్క తేలకుండా అంత తొందర నాకు నచ్చదు.

ఇలాంటి హైడ్రోజన్ గుంటలు వెతకడానికి జీఎంఆర్‌టీ బాగా పనికొస్తుంది. ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పున్న 30 పళ్ళేలు, ఎడాపెడా 25 కిలోమీటర్ల మేర విస్తరించి ఉంటాయి. దగ్గరికి వెళ్తే పళ్ళెంలో నుంచి ఆకాశం కనబడుతుంది. దాని ముఖం రేకు కాదు, సన్నని ఉక్కు తీగల వల. మీటరు తరంగానికి సెంటీమీటరు రంధ్రాలు లెక్కలోకి రావు, గాలికి మాత్రం అడ్డం తగ్గుతుంది. 30 పళ్ళేల నుంచి జతలు కడితే 435. ప్రతి జతా వేల పౌనఃపున్యాల్లో అంకెలు ఇస్తుంది. వాటిలో ఏది హైడ్రోజన్, ఏది పరికరపు వంపు, ఏది పక్క ఊళ్ళో ఎవరిదో ఫోను అని విడదీయడమే పరిశోధక విద్యార్థి చదువులో సింహభాగం. 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ దాకా పట్టీని రేడియో ఖగోళశాస్త్రానికి వదిలేయాలని అంతర్జాతీయ ఒప్పందం ఉంది. అయితే అది మన చుట్టుపక్కల హైడ్రోజన్‌కే రక్షణ. దూరం పెరిగేకొద్దీ గీత కిందికి జారుతుంది. కాంతి మన దగ్గరికి రావడానికి ఐదారు వందల కోట్ల ఏళ్ళు పట్టిన గెలాక్సీల గీత 900 మెగాహెర్ట్జ్ దగ్గర, సరిగ్గా మొబైల్ కంపెనీలు కోట్లు పోసి కొన్న పట్టీలో పడుతుంది. విశ్వం విస్తరిస్తోందన్న సంగతి స్పెక్ట్రం వేలంపాట వేసినవాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు.

చివరగా మళ్ళీ సిగ్నస్-ఏ నడిబొడ్డుకు. 2015, 2016లో, కొత్త పరికరాలు పెట్టిన వీఎల్‌ఏతో రిక్ పెర్లీ బృందం అటు చూస్తే, నడిబొడ్డుకు సుమారు 1,500 కాంతి సంవత్సరాల ఎడంలో రెండో చుక్క వెలుగుతోంది. 1989 నాటి వీఎల్‌ఏ చిత్రంలో అది లేదు. అదే చోట 2003లో గాబ్రియేలా కనాలిజో బృందం కెక్ టెలిస్కోపుతో పరారుణ కాంతిలో ఒక చుక్కను చూసి, సిగ్నస్-ఏ మింగుతున్న చిన్న గెలాక్సీ నడిబొడ్డు అయ్యుండొచ్చని రాసింది. పెర్లీ బృందం ముందు రెండు దారులున్నాయి. ఒకటి, అది అసాధారణంగా ప్రకాశవంతమైన సూపర్నోవా, అంటే పేలిన నక్షత్రం. రెండు, మింగబడుతున్న ఆ చిన్న గెలాక్సీ తాలూకు రెండో భారీ కృష్ణబిలం, ఈమధ్యే దానికి గ్యాస్ అంది మేల్కొంది. వాళ్ళ మొగ్గు రెండో దారి వైపు. అదే నిజమైతే సిగ్నస్-ఏలో గెలాక్సీలు కలిసిపోతున్నాయన్న మాట చిన్న ఎత్తున సరే, నిజమే అవుతుంది. ఎక్స్ కిరణాల్లో చూస్తే చుట్టూ ఉన్న గెలాక్సీల సమూహం కూడా మరో సమూహంతో కలుస్తోంది. సూపర్నోవా అయితే చుక్క ఏటికేడు తగ్గుతూ పోవాలి, కృష్ణబిలమైతే పట్టుమని దశాబ్దాలు నిలవాలి. తేల్చాలంటే ఆ చోటును రేడియోలో ఏళ్ళ తరబడి కొలుస్తూ ఉండాలి. ఆ చుక్క చుట్టూ గ్యాస్ గనక సొంతంగా గిరికీలు కొడుతూ కనబడితే మాత్రం అంతకాలం ఆగనక్కర్లేదు.